చెరసాలలో ధ్యానశాల

విద్యార్జన బాల్యానికే పరిమితమన్న అభిప్రాయం మన సమాజంలో బలంగా పాతుకొని ఉంది. నడివయసులో అక్షరాలు దిద్దడమే కష్టమనుకొనేవారు, స్వభావాన్ని దిద్దుకోవడం అసాధ్యమని తేల్చివేస్తారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని సామెత కూడా ఉండనే ఉంది. ఈ నమ్మకానికి గట్టి పరీక్ష ఎదురైన చోటు కారాగారం.

ఆ పరీక్షకు కారకులు సత్యనారాయణ గోయెంకా. ఆయన 1924లో బర్మాలోని మాండలేలో ఒక మార్వాడీ వర్తక కుటుంబంలో జన్మించారు. చిన్న వయసులోనే సంపదను, పలుకుబడిని గడించారు. వాటితోపాటు భరింపరాని పార్శ్వపు నొప్పి కూడా దాపురించింది. మార్ఫిన్ సూదిమందుతో గాని అది శమించేది కాదు. ఒక మిత్రుని సలహాపై ఆయన 1955లో రంగూనులోని ఊ బా ఖిన్‌ను ఆశ్రయించారు. ఊ బా ఖిన్ సన్యాసి కారు. బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన గృహస్థు. కేవలం తలనొప్పి పోగొట్టుకోవడానికే అయితే రావద్దని ఆయన నిక్కచ్చిగా చెప్పారు. మనసును నిర్మలం చేసే విద్య ఒక రోగానికి మందుగా దిగజారరాదని ఆయన పట్టుదల. గోయెంకా ఆ విద్యను పద్నాలుగేళ్ళు అభ్యసించి, 1969లో భారతదేశానికి వచ్చి బోధన ప్రారంభించారు.

ఆ విద్య పేరు విపశ్యన. శిబిరం పదిరోజులు సాగుతుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకే మేల్కొనాలి. తోటివారితో మాటలుండవు, పుస్తకం, కలం కూడా ఉండవు. మొదటి మూడు రోజులు నాసికాద్వారం వద్ద శ్వాస రాకపోకలను గమనించడమొక్కటే పని. ఇంతేనా అనిపిస్తుంది. కాని నిమిషం గడవకముందే మనసు ఏ పాత పగ వద్దకో, రేపటి దిగులు వద్దకో పరుగెత్తుతుంది. ఆ సంగతి తెలిసిన వెంటనే విసుగు చెందక దానిని మళ్ళీ శ్వాస వద్దకు తీసుకొని రావాలి. నాలుగవ నాటి నుండి దేహమంతటా కలిగే అనుభూతులను, సుఖమైనా నొప్పియైనా, చలించకుండా పరిశీలించాలి. పాళీభాషలో దీనికి ‘సతి’ అని పేరు, సంస్కృతంలో ‘స్మృతి’. తెలుగులో ‘ఎరుక’ అన్న చిన్నమాట ఈ అర్థానికి చక్కగా సరిపోతుంది. కోపం పుట్టగానే శ్వాస గతి తప్పుతుంది, ఒళ్ళు వేడెక్కుతుంది. ఆ మార్పును ఆదిలోనే పసిగట్టినవానికి తిట్టుకు ముందు, దెబ్బకు ముందు ఒక్క క్షణం వ్యవధి లభిస్తుంది. ఆ క్షణం చిక్కనివారు కారాగారాలలో ఎందరో ఉన్నారు.

1975లో జైపూర్ కేంద్ర కారాగారంలో తొలి శిబిరం జరిగింది. కరడుగట్టిన నేరస్థులను సంకెళ్ళతో తీసుకొనివచ్చారు. సంకెళ్ళు తీస్తేనే బోధిస్తానని గోయెంకా పట్టుబట్టారు. భద్రత మాటేమిటని అధికారులు మొదట వెనుకాడినా, చివరకు సంకెళ్ళు ఊడదీశారు.

1993లో కిరణ్ బేడీ ఢిల్లీ కారాగారాల ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. తీహార్ జైలు అప్పటికే కిక్కిరిసి ఉంది. అక్కడివారిలో అత్యధికులు విచారణ ముగియక, తీర్పుకోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నవారు. కోపాన్ని అదుపు చేసే మార్గమేదని ఆమె వెతుకుతుండగా, జైలు ఉద్యోగి ఒకరు తన ముక్కోపాన్ని తగ్గించిన విపశ్యనను గూర్చి చెప్పారు. ఆమె ముందు తన సిబ్బందినే శిబిరాలకు పంపారు. ఇది వివేకవంతమైన నిర్ణయం. లాఠీ పట్టినవాడు మారకుండా ఖైదీ ఒక్కడే మారితే ఫలితం స్వల్పం. 1993 నవంబరులో దాదాపు వందమంది ఖైదీలతో తీహార్‌లో శిబిరం జరిగింది. 1994 ఏప్రిల్‌లో గోయెంకా స్వయంగా నిర్వహించిన శిబిరంలో వేయిమందికి పైగా ఖైదీలు మౌనంగా కూర్చున్నారు.

తీహార్‌లో వచ్చిన మార్పంతా ధ్యానఫలమే అనడం సరికాదు. చదువు వచ్చిన ఖైదీలు రానివారికి అక్షరాలు నేర్పడం కూడా ఆ కాలంలోనే సాగింది. ధ్యానం న్యాయస్థానాల జాప్యాన్ని తగ్గించలేదు. తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా ఇట్టి కఠోరసాధనకు దిగడం ప్రమాదకరం కూడా. ఆరోగ్యవంతులకైనా పదిరోజులు ఓనమాలు మాత్రమే. ఆ పిమ్మట ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట సాధన సాగాలి. 1976లో హైదరాబాదు నాగార్జునసాగర్ రోడ్డులో ఏర్పడిన ‘ధమ్మఖేత్త’ కేంద్రంలోనూ ఇదే నియమం. ఉద్యోగికి, గృహిణికి ఇంట్లో ఒక మూల దొరుకుతుంది. శిబిరం ముగిసిన ఖైదీ మాత్రం తిరిగి వెళ్ళవలసింది అదే ఇరుకు గదికి, అదే గోలకు. అందువల్లనే 1994లో తీహార్ నాలుగవ నంబరు జైలులో, ఎత్తయిన గోడల నడుమ, ఒక శాశ్వత ధ్యానకేంద్రాన్ని నెలకొల్పారు.