శిశువు – తొలి బడి

మానవుడు సంఘజీవి. అయితే సంఘంలో మెలగే నేర్పు పుట్టుకతో వచ్చేది కాదు, అభ్యాసంతో అలవడేది. ఇంట తానే సర్వస్వంగా పెరిగిన శిశువు మూడవ యేట తోటి పిల్లల నడుమ అడుగుపెడుతుంది. అక్కడ బొమ్మ ఒక్కటే. దానిని కోరే చేతులు నాలుగు. తన వంతు వచ్చే వరకు వేచి ఉండడం, కోపాన్ని అణచుకొని మాటతో అడగడం, ఏడ్చే నేస్తాన్ని ఓదార్చడం ఆ బడిలో నేర్చుకొనే తొలి పాఠాలు.

ఈ పాఠాల ప్రభావం ఎంతకాలం నిలుస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానంగా నిలిచే ప్రయోగం ఒకటి 1962లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో, ఇప్సిలాంటి పట్టణంలోని పెర్రీ పాఠశాలలో ఆరంభమయింది. పేద ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలకు చెందిన 123 మంది పిల్లలను ఎంపిక చేసి, వారిలో 58 మందికి మాత్రమే పూర్వప్రాథమిక విద్యను అందించారు. అక్కడ పాఠాలు వల్లె వేయించలేదు. ఏ పని చేయాలో పిల్లలే నిర్ణయించుకొనేవారు. చేసిన పనిని గూర్చి అందరూ కలిసి ముచ్చటించుకొనేవారు. ఉపాధ్యాయులు వారానికొకసారి ఇంటికి వెళ్ళి తల్లులతో మాట్లాడేవారు.

తొలుత ఆ పిల్లలు తెలివితేటల పరీక్షల్లో ముందంజ వేశారు. కొన్నేళ్ళకే ఆ ఆధిక్యం తరిగిపోయింది. పరిశీలన అంతటితో ఆగి ఉంటే ప్రయోగం విఫలమయిందనే తేలేది. కాని పరిశోధకులు వారిని నలభయ్యవ యేటి వరకు గమనించారు. ఉన్నత పాఠశాల చదువు ముగించినవారు, మెరుగైన సంపాదన గలవారు ఆ బడికి వెళ్ళినవారిలోనే అధికం. నేరాలకు పాల్పడి అరెస్టయినవారు తక్కువ. ఈ ఫలితాలకు మూలం తెలివితేటల పెరుగుదల కాదనీ, ప్రవర్తనలో, స్వభావంలో వచ్చిన మార్పేననీ నోబెల్ బహుమతి పొందిన ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ బృందం విశ్లేషించింది. ప్రయోగం కొద్దిమందిపై జరిగినదే అయినా, అది నేర్పిన పాఠం పెద్దది.

మన దేశంలో 1975 అక్టోబరు 2న ప్రారంభమయిన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అంగన్‌వాడీల ద్వారా పౌష్టికాహారంతో పాటు ఆటపాటల చదువునూ పసివారి ముంగిటికి తెచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ ప్రాయం నుండే విద్యకు పునాది పడాలని పేర్కొన్నది.

అయితే బడి అనే పేరున్నంత మాత్రాన మేలు జరగదు. బెత్తం చూపి అక్షరాలు దిద్దించే చోట బిడ్డకు అలవడేది భయమే. ఆదరించే గురువు, ఆడుకొనే తావు, కలిసిమెలిసి తిరిగే నేస్తాలు ఉన్న చోటనే పసిమనసు వికసిస్తుంది. మొక్కై వంగనిది మానై వంగదంటారు పెద్దలు. వంచవలసినది మొక్కనే కాని, విరచవలసినది కాదు. బడి నుండి వచ్చిన బిడ్డను “ఏం రాశావు?” అని అడగడానికి ముందు, “ఎవరితో ఆడావు?” అని అడిగే తలిదండ్రులు ఆ బిడ్డ చదువుకు చక్కని పునాది వేసినవారవుతారు.