ఆంగ్ల నామవాచకములకు ముందు వచ్చు చిన్న మాటలు

కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతిలోని యొక బాలుడు, తన తండ్రి తలిదండ్రుల సభకు రాలేకపోవుటకు కారణము తెలుపుచు, ఆంగ్లమున నొక లేఖ వ్రాసి తెచ్చెను. అందు "మై ఫాదర్ ఈజ్ ఇన్ జైల్" అని యుండెను. చదివి మేము నిశ్చేష్టులమైతిమి. తోటి పిల్లలు వినకుండ వానిని వరండాలోనికి పిలిచి, "ఏమి జరిగినది నాయనా?" అని మెల్లగా అడిగితిమి. వాడు తెల్లబోయి, "ఏం గాలేదు సార్. మా నాయిన మేస్త్రీ గద, ఆడ గోడ కడుతుండు" అనెను.

లోపించినది 'ది' అను నొక్క మాట. 'ఇన్ జైల్' అనిన ఖైదీగా నున్నాడని యర్థము. 'ఇన్ ది జైల్' అనిన ఆ కట్టడములో నున్నాడని మాత్రమే యర్థము. 'వర్కింగ్ ఎట్ ది జైల్' అని వ్రాసిన సందేహమునకే తావుండదు. ఆ లేఖ మా చేతికి వచ్చినది గనుక అడిగి తెలిసికొంటిమి. అదియే విద్యార్థి వేతనమునకై యే కార్యాలయమునకో పోయి యుండిన, చదివిన యధికారి అడుగునా? కష్టపడి బ్రదుకు నొక నిర్దోషి మీద మచ్చ పడి యుండును. కావున విద్యార్థులారా, ఆర్టికల్సు పరీక్షలో అర మార్కు కొరకే నేర్చునవి కావని మొదటనే గ్రహింపుడు.

మనవారు వీనిని మరచుటకు కారణము బుద్ధిమాంద్యము కాదు. తెలుగున ఆర్టికల్ అను ప్రత్యేక పదజాతి లేదు. సంస్కృతమున లేదు, ఉర్దూలో లేదు, లాటిను రష్యను భాషలలోను లేదు. అరబ్బీలో 'అల్' అనునది కలదు. మన అబ్దుల్లాపూర్‌మెట్ పేరిటి 'అబ్దుల్లా'లోనే అది దాగి యున్నది. 'అల్లాహ్' అను మాట 'అల్' చేరి యేర్పడినదని పండితులు పెక్కుమంది చెప్పుదురు. దినదినము పలుకు ఊరిపేరిలో నున్నను మన మెరుగము!

అయితే తెలుగున ఆర్టికల్ లేకున్నను దాని పని మాత్రము కలదు. అవ్వ కథ నెట్లు చెప్పును? "ఒక ఊళ్లో ఒక రాజు ఉండె. ఆ రాజుకు..." అని కదా. మొదటిసారి 'ఒక', రెండవసారి 'ఆ'. ఆంగ్లమునను ఇట్లే: మొదట 'ఎ కింగ్', పిమ్మట 'ది కింగ్'. ఇది కాకతాళీయము కాదు. ఆంగ్లమున 'యాన్' అనునది పూర్వము 'ఒకటి' అను నర్థము గల మాటయే. 'వన్' దానికి తోబుట్టువు. 'ది' అనునది 'ఆ' యను నర్థము గల పురాతనపు మాట నుండి పుట్టినది. 'దట్' దానికి బంధువు.

మరియొకటి గమనింపుడు. "పెన్ను కొన్నాను" అనిన ఏదో యొక పెన్ను. "పెన్నును పోగొట్టుకొన్నాను" అనిన మనమెరిగిన ఆ పెన్నే. ద్వితీయా విభక్తి ప్రత్యయమే యిచ్చట 'ది' చేయు పనిని చాలవరకు చేయుచున్నది. కావున ఈ భేదము మీ చెవికి క్రొత్తది కాదు. దానిని ఆంగ్లమునకు కొనిపోవుటయే మిగిలినది.

ఇందుకు మూలసూత్రమొక్కటే: వినువానికి అది యేదో తెలియునా? తెలియనిచో 'ఎ' లేక 'యాన్', తెలిసినచో 'ది'. "క్లోజ్ ది డోర్" అనునప్పుడు తలుపును ముందు చెప్పియుండనక్కరలేదు. ఎదుట నున్నది గనుక వినువానికి తెలియును. సూర్యుడొక్కడే గనుక 'ది సన్', చంద్రుడొక్కడే గనుక 'ది మూన్'. ఇక పిల్లలు తరచు తడబడు తావులను వరుసగా చెప్పుదుము.

మొదటిది, వృత్తి. "మా అమ్మ నర్సు" అని తెలుగున 'ఒక' లేకయే చెప్పుదుము. ఆంగ్లమున అట్లు కూడదు: "మై మదర్ ఈజ్ ఎ నర్స్." కావున 'ఒక' యున్న చోటనే 'ఎ' వచ్చునని తలంపకుడు.

రెండవది, లెక్కింపరాని వస్తువులు. రైస్, వాటర్, ఫర్నిచర్ అను వానికి ముందు 'ఎ' రాదు. "ఒక సలహా" అని మనము చెప్పుదుము గాని, 'అడ్వైస్' ఆంగ్లమున లెక్కింపబడదు. 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్' అనవలెను.

మూడవది, 'ఎ'యా, 'యాన్'యా? ఇందుకు వ్రాతను చూడరాదు, ధ్వనిని వినవలెను. మన తెలుగు లిపియే యిందుకు మంచి కొలత. మాటను తెలుగు అక్షరములలో వ్రాయుడు. మొదట అచ్చు వచ్చిన 'యాన్', హల్లు వచ్చిన 'ఎ'. 'అవర్' అచ్చుతో మొదలగును గనుక 'యాన్ అవర్'; ఆంగ్లపు వ్రాతలో ముందున్న 'హెచ్' పలుకదు. 'యూనివర్సిటీ' యకారముతో మొదలగును గనుక 'ఎ యూనివర్సిటీ'. అట్లే 'యాన్ ఎం.ఏ.', 'ఎ వన్ రుపీ నోట్'. ఒక్క హెచ్చరిక: మనము ఎకారమునకు ముందు యకారమును చేర్చి 'యెగ్గు' అని పలుకుదుము. ఆ యలవాటు వలననే 'ఎ యెగ్' అని నోట వచ్చును. 'యాన్ ఎగ్' అనుటయే సరి. 'ది' సైతము హల్లునకు ముందు 'ద' వలె పలుకును. ఇచ్చట వ్రాత సౌలభ్యమునకై అంతటను 'ది' అనియే వ్రాసితిమి.

నాల్గవది, పేరులు. ఊళ్ల పేరులకు సాధారణముగా ఆర్టికల్ లేదు: దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్. నదులకు కలదు: ది మూసీ, ది గోదావరి. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా యూనివర్సిటీకి 'ది' అక్కరలేదు. 1974లో స్థాపింపబడిన దానిని మాత్రము 'ది యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్' అనవలెను. విశ్వవిద్యాలయముల పేరిట 'ఆఫ్' మధ్య నున్నచో 'ది' ముందుండుట వాడుక.

అయిదవది, 'ఎ' చేరుట వలన అర్థమే తారుమారగుట. "హి హాజ్ ఫ్యూ ఫ్రెండ్స్" అనిన వానికి స్నేహితులు లేనట్లే. "హి హాజ్ ఎ ఫ్యూ ఫ్రెండ్స్" అనిన కొందరున్నారు. ఒక్క యక్షరము ఒంటరివానికి తోడు తెచ్చినది!

కడపటిది మన బాలుని సంగతియే. స్కూల్, చర్చ్, జైల్ మొదలగు చోట్లకు వాని ముఖ్యకార్యమునకై పోయిన ఆర్టికల్ లేదు. వేరు పని మీద పోయిన 'ది' వచ్చును. మీరు చదువుకొనుటకు 'టు స్కూల్' వచ్చెదరు. జీతము కట్టుటకు మీ తండ్రి 'టు ది స్కూల్' వచ్చును.

అభ్యాసమునకు సులభమైన మార్గము కలదు. ఆంగ్ల పత్రికలో నొక పేరాను ఆర్టికల్సు లేకుండ మీ పుస్తకములో ఎత్తి వ్రాయుడు. మరునాడు మూలమును చూడక వానిని నింపి, పిమ్మట సరిచూచుకొనుడు. ఏ లేఖనైనను పంపుటకు ముందు నామవాచకములను మాత్రమే చూచుచు ఒకసారి చదివి, "ఇది యేదో చదువువారికి తెలియునా?" అని ప్రశ్నించుకొనుడు. తలిదండ్రులకు మా మనవి: పిల్లలు తప్పు పలికినప్పుడు నవ్వకుడు. నవ్విన బిడ్డ నోరు మూసికొనును. మూసికొనిన నోటికి ఏ భాషయు రాదు.

ఆ బాలుడు ఆ దినముననే లేఖను తిరిగి వ్రాసెను. తరువాతి వారము వాని తండ్రి, చేతులకు సున్నము పూర్తిగా పోకయే, మమ్ము చూడవచ్చి, "మావోడు ఇంగ్లీషు మంచిగ రాస్తుండా సార్?" అని అడిగెను. "మంచిగనే వ్రాయుచున్నాడు" అంటిమి. వాడు తలుపు కడ నిలిచి, తన తండ్రి 'టు ది స్కూల్' వచ్చెనని మాకు వినబడునట్లు తనలో తానే చెప్పుకొనెను.