సరుకుల గొలుసు

స్టేషన్ ఘనపూర్‌లో ఒక అక్కకు కిరాణం దుకాణం ఉందనుకుందాం. అందులో ఉప్పు ఉంది. ఉల్లిగడ్డ ఉంది. నూనె ప్యాకెట్లు ఉన్నాయి. ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి?

ఉప్పు సముద్రం ఒడ్డున తయారవుతుంది. ఉల్లిగడ్డ చాలావరకు మహారాష్ట్ర నుంచి వస్తుంది. పండించే రైతు, లారీ డ్రైవరు, టోకు వ్యాపారి, దుకాణం అక్క, మనం. అందరం ఒక గొలుసులో లంకెలం. ఒక్క లంకె తెగినా సరుకు ఆగుతుంది.

పొద్దుతిరుగుడు నూనె సంగతి చూడండి. మన దేశం కొనే ఈ నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్, రష్యాల నుంచే వచ్చేది. 2022 ఫిబ్రవరిలో అక్కడ యుద్ధం మొదలైంది. ఉక్రెయిన్ రేవుల్లో ఓడలు ఆగాయి. ఇక్కడ నూనె ధర పెరిగింది.

ఇక మన పక్కన జరిగింది చూద్దాం. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాను వరద ముంచింది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయాయి. కాజీపేట, విజయవాడల మధ్య రైళ్లు ఆగాయి. 'రైలు లేకుంటే రోడ్డు ఉంది కదా' అంటారా? ఆ వానకే పాలేరు పొంగింది. గరికపాడు దగ్గర వంతెన దెబ్బతిని హైదరాబాద్-విజయవాడ రోడ్డు కూడా ఆగింది.

అంటే రెండో దారి ఉంటే చాలదు. మొదటి దారిని ముంచిన వానకే అదీ మునగకూడదు.

గొలుసు ఎందుకు తెగుతుంది?

1. సరుకంతా ఒకే చోటి నుంచి వస్తే.
2. వచ్చే దారి ఒక్కటే అయితే.
3. దుకాణంలో నిల్వ లేకుంటే.
4. ఒకే షావుకారి దగ్గర అప్పు ఉంటే. అతను ధర పెంచినా అక్క వేరేచోట కొనలేదు.

మరి ఏం చెయ్యాలి?

ఇద్దరు వ్యాపారులతో లావాదేవీ పెట్టుకోవాలి. వారిద్దరూ వేరువేరు ఊళ్లవాళ్లయితే మేలు. వానాకాలానికి ముందే ఉప్పు, పప్పు కొంత నిల్వ చేసుకోవాలి. అతిగా కొంటే డబ్బు ఇరుక్కుంటుంది. టమాటలయితే కుళ్లిపోతాయి. ఏ సరుకు ఎన్ని రోజులకు సరిపోతుందో నోటుబుక్కులో రాసుకోవాలి. ఇప్పుడు మనకు రాయడం వచ్చు కదా!

ఆలోచించండి

మీ ఇంటికి రోజూ కావలసిన మూడు వస్తువుల పేర్లు రాయండి. అవి ఎక్కడి నుంచి వస్తాయి? దారి మూసుకుపోతే ఏ వస్తువు ముందు అయిపోతుంది? మీ సంఘంలో మాట్లాడుకోండి.