జూలూ పొట్టి వాక్యాలు

చిరంజీవి శైలజకు,

జూలూ వాక్యాల కార్పస్‌లో మూడు మాటల లోపు వాక్యాలన్నీ చెత్త కింద తీసేద్దామనుకుంటున్నానని రాశావు. అంత పని చెయ్యకమ్మా.

జూలూ వాళ్లు 'న్గియకుథాండ' అని ఒకే మాటగా రాస్తారు. 'నేను నిన్ను ప్రేమిస్తున్నాను' అన్నదంతా అందులోనే ఉంది. న్గి అంటే నేను, కు అంటే నిన్ను. అదే వాక్యాన్ని ఉత్తర సోతోలో నాలుగు మాటలుగా విడదీసి రాస్తారు. నీ జల్లెడలో సోతో వాక్యం నిలుస్తుంది, జూలూది జారిపోతుంది. తేడా రాతలోనే ఉంది, భావం మాత్రం ఒకటే. అందుకే ఖాళీలను కాదు, మాటలోని ముక్కలను లెక్కపెట్టు.

'న్గియకుథాండ' మధ్యలో 'య' ఉంది చూశావా? 'వెళ్తున్నాను' అని ఆపేస్తే 'న్గియహాంబ'. పొద్దున్నే వెళ్తానని చెప్పాలంటే 'న్గిహాంబ ఎకుసేని', అక్కడ 'య' ఉండదు. సాధారణంగా క్రియతో వాక్యం ముగిసేచోటే అది నిలుస్తుంది. పొట్టి వాక్యాలు పోతే ఈ రూపాలే ఎక్కువగా పోతాయి. అప్పుడు నీ లెక్కల్లో జూలూ వర్తమానకాలమే వంకర తిరుగుతుంది.

నిజమైన చెత్తా ఉంది, కాదనను. 'శ్రీ' అన్న అర్థంలో వాడే 'ఉమ్ను.' దగ్గర చుక్క చూసి యంత్రం వాక్యాన్ని తెంపేస్తుంది. అలాంటివి తీసెయ్. 'హాంబ' ఒక్కటే కనిపిస్తే అది జూలూనో, ఖోసానో, స్వాతీనో చెప్పలేం. దాన్ని విడిగా పెట్టు.

అన్నిటికన్నా కష్టం 'ఉయహాంబ' లాంటివి. నువ్వు వెళ్తున్నావనీ కావచ్చు, ఆమె వెళ్తోందనీ కావచ్చు. నోట్లో స్వరం తేడా చెబుతుంది, రాతలో అది కనిపించదు. లైప్‌జిగ్ కార్పస్‌లో వాక్యాలను కలగలిపి ఇస్తారు కాబట్టి ముందువెనకలు దొరకవు. అసలు వరుస చెడని పాఠాలు వెతుక్కో. 1903 నుంచి వస్తున్న ఇలాంగ అనే జూలూ పత్రిక ఉంది, నాటకాలున్నాయి. ఎవరు ఎవరితో అన్నారో తెలిస్తేనే ఆ ఒక్క మాటకు అర్థం కుదురుతుంది.

జూలూ తల్లిభాషగా ఉన్నవాళ్ల పక్కన కూర్చుని, కొన్ని వందల వాక్యాలైనా స్వయంగా చదువు. వాళ్ల శ్రమకు డబ్బివ్వు, నీ పరిశోధన పత్రంలో వాళ్ల పేరు వెయ్యి. ఏ వాక్యాలు తీశావో, ఎందుకు తీశావో ఆ జాబితా కూడా పత్రంతో పాటు బయటపెట్టు.

ఇట్లు,
నీ అక్క