భానుమతీ రామకృష్ణ

మాటలాడు చిత్రములు తెలుగునాట అడుగిడిన తొలినాళ్లలో వానియందు నటించుటకు స్త్రీలు దొరకుట కష్టముగ నుండెను. తొలి తెలుగు టాకీ యగు 'భక్తప్రహ్లాద' 1932వ సంవత్సరమున విడుదలయ్యెను. నాటకరంగమున స్త్రీపాత్రలను పురుషులే ధరించు ఆచారము అప్పటికి ఇంకను సాగుచునే యుండెను. స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషముతో రంగము మీదికి వచ్చినచో, వారు పురుషులని తెలిసియు ప్రేక్షకులు మైమరచెడివారు. సంసారపక్షమున పెరిగిన బాలిక ముఖమునకు రంగు పూసికొని పదిమంది యెదుట నిలుచుట వంశమునకే తలవంపులని పెద్దలు భావించెడివారు. అట్టి కాలమున ఒక పల్లెటూరి బాలిక పదునాలుగేండ్లు నిండకముందే చిత్రసీమలో కాలుమోపి, నటిగా, గాయనిగా, నిర్మాతగా, దర్శకురాలిగా, రచయిత్రిగా ఇంచుమించు అరువది యేండ్లు పనిచేసినది. ఆమెయే భానుమతి.

భానుమతి 1925వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీన ఒంగోలు సమీపమున గల దొడ్డవరము గ్రామమున జన్మించెను. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు. ఆయనకు సంగీతమన్న ప్రాణము. కుమార్తె కంఠమునందలి మాధుర్యమును పసితనముననే గుర్తించి, తానే తొలి గురువై ఆమెకు కర్ణాటక సంగీతము నేర్పెను. ఆ విద్యయే ఆమెకు చిత్రసీమ ద్వారములు తెరచినది.

ఆ దినములలో సి. పుల్లయ్యగారు 'వరవిక్రయము' అను చిత్రమును తీయ సంకల్పించి, కాళింది పాత్రకు తగిన బాలికకై వెదకుచుండిరి. కాళ్లకూరి నారాయణరావుగారు రచించిన ఈ నాటకము వరకట్న దురాచారమును తూర్పారబట్టినది. సంతలో పశువును కొన్నట్లు వరుని వెలయిచ్చి కొనుట కిష్టపడక, తన పెండ్లికై తండ్రి అప్పులపాలగుట చూచి సహింపలేక, కాళింది ప్రాణములు విడుచును. అట్టి బరువైన పాత్ర పదమూడేండ్ల భానుమతిని వరించెను. చిత్రము కలకత్తాలో నిర్మింపబడినది. కుమార్తెను అంతదూరము పంపుటకు వెంకటసుబ్బయ్యగారు ఊరకే యొప్పుకొనలేదు. నాయకుడు తన కుమార్తెను కౌగిలించుకొను దృశ్యము లెవ్వియు ఉండరాదని నియమము పెట్టిరి. నేటివారి కిది వింతగ తోచవచ్చును. కాని లోకాపవాదమునకు వెరచుచు, కుమార్తె విద్యను నలుగురికి వినిపింపవలెనను కోరికను చంపుకొనలేని తండ్రికి ఆనాడు అంతకంటె వేరుదారి యేమున్నది? 'వరవిక్రయము' 1939వ సంవత్సరమున విడుదలయ్యెను. కాళింది దుఃఖమునకు ప్రేక్షకులు కంటతడి పెట్టిరి.

ఇచ్చట ఒక విషయము చెప్పవలెను. ఇప్పుడు తెరపై పెదవులు కదలించువారు వేరు, పాట పాడువారు వేరు. ఆ కాలమున నేపథ్యగానము తెలుగు చిత్రములలో ఇంకను స్థిరపడలేదు. పాడజాలని నటికి నాయికపాత్ర లభించుట కష్టము. తరువాత నేపథ్యగానము వాడుకలోనికి వచ్చి, పాడనేరని అందగత్తెలకు సయితము అవకాశములు కలిగినవి. అయినను భానుమతి తన పాటలను తానే పాడుకొనుట మానలేదు. ఆమె గొంతు మెత్తని గొంతు కాదు. అందు ఒక బిగువు, ఒక నిండుతనము కలవు. కన్నులు మూసికొని విన్నను అది భానుమతి పాట యని చెప్పవచ్చును.

1943వ సంవత్సరమున 'కృష్ణప్రేమ' చిత్రము తయారగుచుండగా ఆ చిత్రమునకు సహాయ దర్శకుడుగ నున్న పి. యస్. రామకృష్ణారావుగారిని ఆమె వివాహమాడెను. ఆయన అప్పటికి పేరుగాని ధనముగాని గడించినవాడు కాడు. పెండ్లి అనంతరము నటన మానివేసి గృహిణిగా నుండవలెనని ఆమె నిశ్చయించుకొనెను. కాని బి. యన్. రెడ్డిగారు 'స్వర్గసీమ'లో నటింపవలసినదిగా కోరుటచే మరల రంగు పూసికొనక తప్పలేదు. వీధులలో ఆడిపాడి పొట్టపోసికొను సుబ్బి, ఒక పత్రికా సంపాదకుని ఆదరమున పేరుగాంచిన నటి సుజాతాదేవిగా మారి, తుదకు ఆతని సంసారమునే చెదరగొట్టును. కాళిందివలె జాలి గొలుపు పాత్ర కాదిది. ప్రేక్షకులు అసహ్యించుకొనవలసిన పాత్ర. అయినను 1945వ సంవత్సరమున ఈ చిత్రము వెలువడగనే ఆంధ్రదేశమంతట భానుమతి పేరు మారుమ్రోగినది. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు నేపథ్యగాయకుడుగ తొలుత గొంతు వినిపించినది కూడ ఈ చిత్రముననే.

భానుమతి నటించిన చిత్రములలో దేనిని శ్రేష్ఠమైనదిగా నెన్నవలెనని యడిగినచో, పెక్కుమంది తడుముకొనక 'మల్లీశ్వరి' యందురు. బి. యన్. రెడ్డిగారే దర్శకులు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు మాటలు, పాటలు వ్రాసిరి. సాలూరు రాజేశ్వరరావుగారు బాణీలు కూర్చిరి. ఎన్. టి. రామారావుగారు నాగరాజు పాత్ర ధరించిరి. కథ శ్రీకృష్ణదేవరాయల నాటిది. నాగరాజు శిల్పి, మల్లి అతని మేనమామ కూతురు. ఒకనాడు సంతనుండి తిరిగివచ్చుచు వానకు తడిసి ఇరువురును పాతమంటపమున తలదాచుకొందురు. అచ్చట మల్లి ఆడిపాడుచుండగా, మారువేషమున వచ్చిన రాయలవారును అల్లసాని పెద్దనగారును చూచి ఆనందింతురు. వచ్చినవారెవరో ఎరుగని నాగరాజు, మల్లికి రాయలవారి పల్లకి పంపించుడని వేళాకోళమాడును. నవ్వుల కన్న ఆ మాటయే నిజమగును. నాగరాజు ధనార్జనకై దూరదేశమేగిన తరువాత, పల్లకి మల్లి వాకిట దిగును. రాణివాసమున ప్రవేశించిన స్త్రీకి మరల వెలుపలికి వచ్చు త్రోవ లేదు. పల్లకి తమ యింటికి వచ్చుట మహాభాగ్యమని తల్లి పొంగిపోవును. మల్లి గుండె పగిలిపోవును.

తొలిభాగమున గంతులు వేయు అల్లరిపిల్లను, మలిభాగమున అంతఃపురపు బంగారు పంజరమున చిక్కిన యువతిని ఒక్కతెయే మన కనుల యెదుట నిలిపినది. అల్లరి తగ్గి మౌనము పెరుగుటను ఆమె మాటలతో గాక చూపులతోను నడకతోను తెలియజేసినది. 'మల్లీశ్వరి' 1951వ సంవత్సరాంతమున విడుదలయ్యెను. తరువాత చైనాలో కూడ ప్రదర్శింపబడినది.

అప్పటికే భానుమతీ రామకృష్ణ దంపతులు తమ కుమారుని పేరిట భరణీ సంస్థను స్థాపించి 'రత్నమాల', 'లైలా మజ్ను' మొదలగు చిత్రములను నిర్మించియుండిరి. మద్రాసు నగరమున సాలిగ్రామమందు సొంత స్టూడియోను కూడ నెలకొల్పిరి. ఆ సంస్థ పక్షమున 1953వ సంవత్సరమున 'చండీరాణి' చిత్రమునకు భానుమతి తానే దర్శకత్వము వహించినది. తెలుగు చిత్రమునకు ఒక స్త్రీ దర్శకురాలగుట అదియే మొదలు. ఆ పనియైనను తేలికగ నెంచుకొనలేదు. చిత్రము తెలుగు, తమిళము, హిందీ భాషలు మూడింట తయారుకావలెను. నాయిక ఆమెయే, అందును కవలపిల్లల పాత్రలు రెండు. నేటి యంత్రసాధనములు లేని ఆ దినములలో ఒకే మనిషిని తెరపై ఇరువురుగ చూపుటకు, కెమెరాలో సగభాగమును మూసి ఒకసారియు, ఫిల్మును వెనుకకు త్రిప్పి రెండవ సగమును మూసి మరియొకసారియు తీయవలసి యుండెను. కొలత వెంట్రుకవాసి తప్పినను శ్రమ యంతయు వ్యర్థము. కెమెరా యెదుట నటించుచు, మరుక్షణమున కెమెరా వెనుకకు వచ్చి తప్పొప్పులు చూచుకొనుచు ఆమె ఆ చిత్రమును పూర్తి చేసినది.

భానుమతి ఆత్మాభిమానమును గూర్చి చిత్రసీమలో పెక్కు కథలు చెప్పుకొందురు. కొందరు దానిని అహంకారమనిరి. ఆ మాట పూర్తిగా అబద్ధమని చెప్పజాలము. ఆమెకు పట్టుదల హెచ్చు. అయితే పురుషుడు ఖచ్చితముగ మాటలాడినచో దొరతనమనియు, స్త్రీ అట్లే మాటలాడినచో పొగరనియు అనుట లోకరీతి. విజయా సంస్థవారి 'మిస్సమ్మ'కు మొదట ఆమెయే నాయిక. కొంతభాగము చిత్రీకరణము కూడ జరిగినది. ఒకదినము వరలక్ష్మీవ్రతము చేసికొని ఆమె ఆలస్యముగా వచ్చుటచే నిర్మాత చక్రపాణిగారికిని ఆమెకును మాట పట్టింపు వచ్చెను. క్షమాపణ కోరుటకు ఆమె అంగీకరింపలేదు. పాత్ర చేజారినది. ఆ పాత్ర సావిత్రికి లభించి, 1955వ సంవత్సరమున చిత్రము విడుదలకాగా ఆమె కీర్తి నలుదెసల వ్యాపించినది. గొప్ప పాత్ర నొకదానిని పోగొట్టుకొనుట నటికి చిన్న నష్టము కాదు. అయినను, తన మూలమున తెలుగుతెరకు సావిత్రి వంటి నటి లభించినదని భానుమతి తరువాత సంతోషముతో చెప్పుకొనెడిది. పట్టుదలతోపాటు అట్టి విశాలహృదయము కూడ ఆమెకు కలదు.

తరువాతి చిత్రములలో 'విప్రనారాయణ'యందలి దేవదేవి, శరత్ బాబు నవలనుండి గ్రహించిన 'బాటసారి', 'పల్నాటి యుద్ధము'నందలి నాయకురాలు నాగమ్మ పేర్కొనదగినవి. తమిళ ప్రేక్షకులును ఆమెను తమదానిగనే భావించిరి. ఆమె నటనకే వ్యాకరణమని అణ్ణాదురైగారు ప్రశంసించిరి.

నటీమణులలో మంచి గాయనులు కలరు; కలము పట్టినవారు అరుదు. భానుమతి 'అత్తగారి కథలు' అను పేర హాస్యకథలు వ్రాసినది. మన సాహిత్యమున అత్తగారనగా కోడలిని రాచిరంపాన పెట్టు మనిషియే. భానుమతి వ్రాసిన అత్తగారు అట్టిది కాదు. మడి, ఆచారము అనుచు ఇల్లంతయు అదిలించును, లోకము పోకడ తెలియక చిక్కులలో పడును, మొండితనము చూపును, అంతలోనే పసిపిల్లవలె అమాయకముగ మెత్తబడును. కోడలు ఆమె మాటకు ఎదురుచెప్పదు, నవ్వుకొనుచు మనకు చెప్పును. పాఠకుడు అత్తగారిని చూచి నవ్వును గాని ఆమెను ద్వేషింపడు. ఈ కథలకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. 1966వ సంవత్సరమున భారత ప్రభుత్వము ఆమెను 'పద్మశ్రీ' బిరుదముతో గౌరవించెను. పిమ్మట 'పద్మభూషణ్' కూడ లభించినది.

వయసు మీరిన తరువాత కూడ ఆమె విశ్రాంతి కోరలేదు. బాలబాలికలే అన్ని పాత్రలను ధరింపగా 1982వ సంవత్సరమున 'భక్త ధ్రువ మార్కండేయ' చిత్రమునకు దర్శకత్వము వహించెను. మద్రాసులోని ప్రభుత్వ సంగీత కళాశాలకు అధ్యక్షురాలుగ కొంతకాలము పనిచేసెను. 1984వ సంవత్సరమున వచ్చిన 'మంగమ్మగారి మనవడు'లో నాయనమ్మగా నటించినప్పుడు, ఆమె కాళిందిని గాని మల్లిని గాని ఎరుగని క్రొత్తతరము పిల్లలు ఆ ముసలమ్మ దర్పమును చూచి చప్పట్లు చరచిరి. తన జీవితకథను 'నాలో నేను' అను గ్రంథముగ వ్రాసికొనెను. 1998వ సంవత్సరమున వెలువడిన 'పెళ్ళికానుక' ఆమె కడపటి చిత్రము. 2005వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన చెన్నై నగరమున ఆమె కన్నుమూసెను.