నాపరాయియు నిసుకరాయియు

ప్రశ్న: మా యింటి నేలకు పఱచిన నాపబండలును, రామప్పగుడి గోడల యిసుకరాయియు నవక్షేపశిలలే యందురు. వీని భేద మెట్లు తెలియును?

జవాబు: జాతి యొక్కటియే యైనను పుట్టుక వేఱు. ప్రాచీనపర్వతములు శిథిలమై, నదీప్రవాహములు మోసికొనివచ్చిన యిసుక పొరలుపొరలుగా పేరుకొని, సిలికా, సున్నము, ఇనుపతుప్పు వంటి బంధకద్రవ్యములచే నతుకుకొనగా నిసుకరాయి యగును. నాపరాయి యన్ననో, సముద్రజలమున కరగియున్న సున్నపుపదార్థము మిక్కిలి సూక్ష్మమైన బురదగా నడుగంటి గట్టిపడినది. కావుననే మొదటిది చేతికి గరుకుగా తగులును; రెండవది నునుపు. చాకుమొనతో గీచిచూడుడు: నాపరాతిపై గీత పడును, ఇసుకరాతిలోని పలుగురాతి రేణువులు ఉక్కునే గీయగలవు. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లపు చుక్క పడినంతనే నాపరాయి బుసబుస పొంగును; అయితే సున్నముచే నతికిన యిసుకరాయియు కొంత పొంగును గనుక, ఈ యొక్క పరీక్షనే నమ్మరాదు. (వంటగది నాపబండపై నిమ్మరసము చిందనిచ్చి, మెఱుగు పోయెనని విచారించు గృహస్థులు ఈ ప్రయోగమునే తెలియక చేయుచున్నారు.) బొగ్గుపులుసు వాయువు కలసిన వాననీరు సున్నపురాతిని యుగములతరబడి యిట్లే కరగించుటచేత, నంద్యాల జిల్లాలో 3,229 మీటర్ల పొడవైన బెలుము గుహ లేర్పడినవి.