రైట్ బ్యాక్‌గా ఆడమన్నారని అలిగిన మేనకోడలికి



నిన్ను రైట్ వింగ్ నుంచి తీసి రైట్ బ్యాక్‌లో ఆడిస్తున్నారని, పోయిన మ్యాచ్‌లో సెకండాఫ్ అంతా మిడ్‌ఫీల్డ్‌లో నిలబెట్టారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "నన్నెక్కడ పెట్టాలో వాళ్ళకే తెలీట్లేదు, అంటే నేను ఎక్కడా పనికిరాననేగా" అని ఏడ్చావట. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోన్ చేస్తే సగం వింటావు, సగంలో అలుగుతావు. అందుకే ఉత్తరం. నిదానంగా చదువు.

పనికిరాని ప్లేయర్‌ని ఏ కోచ్ కూడా మూడు చోట్ల ఆడించడమ్మా, బయట కూర్చోబెడతాడు. నీకు ఇంత బాధ ఎందుకు కలిగిందో నాకు తెలుసు. మన గల్లీ ఆటల్లో బాగా ఆడేవాడు ఫార్వర్డ్, అంతంతమాత్రం వాడు బ్యాక్, పరుగెత్తలేనివాడు గోలీ. చిన్నప్పుడు పడిన ఆ లెక్క పెద్దయ్యాక కూడా తలలోంచి పోదు. వెనక్కి పంపారంటే తగ్గించారనే అనిపిస్తుంది. ముందు ఆ లెక్కను తీసి పారెయ్. ఎందుకో ఒక కథ చెబుతాను.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్ళిన మన ఫుట్‌బాల్ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. మన హైదరాబాద్ మనిషి. పెద్దవాళ్ళు ఇప్పటికీ రహీం సాబ్ అనే అంటారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. తర్వాత థాయిలాండ్‌తో ఆడుతుండగా జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జర్నైల్ ఫార్వర్డ్ కాదు, స్టాపర్. ఆ కాలంలో అతన్ని దాటుకుని వెళ్ళాలంటే ఎంతటి ఫార్వర్డ్ అయినా జంకేవాడు. తలకు కుట్లున్న ఆ స్టాపర్‌ని సెమీఫైనల్లో రహీం సాబ్ సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన ఆ మ్యాచ్‌లో జర్నైల్ ఒక గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్ళీ అదే కొరియా. స్టేడియం నిండా జనం, అందులో ఎక్కువమంది మనకు వ్యతిరేకంగా అరుస్తున్నవాళ్ళే. మొదటి గోల్ పీకే బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. 2-1తో స్వర్ణం మనదైంది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు మరో స్వర్ణం రాలేదు.

ఈ కథ చెప్పేవాళ్ళంతా జర్నైల్ గోల్ దగ్గర ఆపేస్తారు. నువ్వు మాత్రం ఇంకొంచెం ముందుకెళ్ళి ఆలోచించు. స్టాపర్ ముందుకు పోతే వెనక ఖాళీ ఎవరు చూసుకున్నారు? ఫైనల్లో అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్ ఆ పని చేశారు. ఒక మనిషి చోటు మారితే చుట్టూ నలుగురు తమ ఆట సర్దుకోవాలి. అందుకే ఇది ఏ ఒక్కరి గొప్పతనమో కాదు, జట్టు మొత్తానికి ఉండాల్సిన తెలివి.

ఆ తెలివిని రహీం సాబ్ జకార్తాలో అప్పటికప్పుడు పుట్టించలేదు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తయారుచేసింది ఆయనే. బలహీనమైన కాలితోనే ఆడాలని, డ్రిబ్లింగ్ చెయ్యకూడదని షరతులు పెట్టి ఆయన పోటీలు నడిపేవారు. కుడికాలి వాటం ఉన్న కుర్రాడు ఎడమకాలితోనే ఆడాల్సి వస్తే ఏమవుతుందో ఊహించు. మొదట్లో బంతి ఎటో పోతుంది, ప్రేక్షకులు నవ్వుతారు. కొన్నాళ్ళకి అదే కుర్రాడికి మైదానంలో రెండో వైపు కూడా తెరుచుకుంటుంది. ఆ హైదరాబాద్ నుంచే వచ్చాడు సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం. ఎడమ వింగ్, ఇన్‌సైడ్ లెఫ్ట్, సెంటర్ ఫార్వర్డ్, ఎక్కడ నిలబెట్టినా ఆ చోటు తనదే అన్నట్టు ఆడేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. బలరాం గురించి మన పిల్లలకు ఇంత తక్కువ తెలియడం నాకెప్పుడూ బాధగానే ఉంటుంది.

ఇవన్నీ మగపిల్లల కథలు, పాతకాలం కథలు అంటావేమో. సరే, రేచెల్ డేలీని చూడు. 2022 మహిళల యూరో కప్‌లో ఇంగ్లండ్ తరఫున ఆరు మ్యాచ్‌లకు ఆరూ లెఫ్ట్ బ్యాక్‌గానే మొదలుపెట్టింది. వెంబ్లీలో జర్మనీని ఓడించి కప్పు గెలిచారు. ఆ వేసవిలోనే ఆమె ఆస్టన్ విల్లాలో చేరింది. అక్కడ స్ట్రైకర్‌గా ఆడి, ఆ సీజన్ లీగ్‌లో 22 గోల్స్ కొట్టి అందరికంటే పైన నిలిచింది. దేశానికి బ్యాక్, క్లబ్‌కు స్ట్రైకర్! గోల్ ముందు డిఫెండర్ ఏ క్షణంలో కంగారుపడుతుందో స్వయంగా డిఫెండర్‌గా ఆడినవాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

క్రిస్టల్ డన్ సంగతి కూడా తెలుసుకో, ఎందుకంటే అందులో నీ కన్నీళ్ళున్నాయి. 2015లో అమెరికా లీగ్‌లో 15 గోల్స్‌తో అగ్రస్థానంలో నిలిచిన ఫార్వర్డ్ ఆమె. 2019 ప్రపంచకప్‌లో దేశం ఆమెను లెఫ్ట్ బ్యాక్‌గా ఆడించింది. కప్పు గెలిచారు, నిజమే. కానీ క్లబ్‌లో ఒకరుగా, దేశానికి మరొకరుగా బతకడం ఎంత కష్టమో ఆమె దాచుకోకుండా చెప్పింది. కాబట్టి నీకు బాధ కలిగిందంటే నువ్వు బలహీనురాలివి అయిపోవు. ఎక్కడైనా ఆడగలిగే మనిషికి ఆ ఖర్చు ఉంటుంది. ఒకే చోట ఆడేవాళ్ళు రోజూ అదే పని చేసి అందులో పదునెక్కుతుంటే, నువ్వు ప్రతి వారం కొత్త పని నేర్చుకుంటూ ఉంటావు. పైగా "ఆమెను ఎక్కడైనా పెట్టొచ్చులే" అన్న ధీమా కోచ్‌కి వచ్చిందంటే, ఎవరికి దెబ్బ తగిలినా ముందు కదిలేది నీ చోటే. ఈ ప్రమాదం గురించి నీతో ఎవరూ చెప్పరు కనుక నేను చెబుతున్నాను.

ఇక ఆట సంగతికి వద్దాం.

వింగ్‌లో ఆడేటప్పుడు నీకు బంతి ఎక్కువగా వీపు వెనక మనిషి ఉండగా వస్తుంది. తిరిగావంటే నీ ముందున్నది ఆ ఒక్క బ్యాకే, ఆమెను దాటితే చాలు. రైట్ బ్యాక్‌లో మైదానమంతా నీ కళ్ళ ముందు పరుచుకుని ఉంటుంది. కుడిపక్కన గీత, ఎడమపక్కన మిగతా ప్రపంచం. బంతి అందుకునే ముందే ఒళ్ళు కాస్త లోపలికి తిప్పి నిలబడితే మిడ్‌ఫీల్డ్ కనిపిస్తుంది. గీత వైపు తిరిగి అందుకున్నావో, నీకు మిగిలేది గీత వెంట తన్నడం ఒక్కటే, దాన్ని ఎదుటివాళ్ళు ముందే పసిగడతారు. ఇక్కడే ఎడమకాలు కావాలి. కుడి పక్క నుంచి లోపలికి పంపే పాస్‌కి ఎడమకాలు వాడగలిగిన రైట్ బ్యాక్‌ని చుట్టుముట్టడం చాలా కష్టం.

బంతి అవతలి పక్కన, మీ లెఫ్ట్ బ్యాక్ దగ్గర ఉన్నప్పుడు నువ్వు ఎక్కడున్నావో చూసుకో. కొత్తగా బ్యాక్ అయిన వింగర్లందరూ గీతకు అతుక్కుని నిలబడిపోతారు. నువ్వు లోపలికి, సెంటర్ బ్యాక్‌కి దగ్గరగా రావాలి. ఒక కన్ను బంతి మీద, ఒక కన్ను నీ వెనక్కి పాకే వింగర్ మీద. అవతల నుంచి వచ్చే క్రాస్‌లకు గోల్స్ పడేది చాలాసార్లు ఈ వెనక మూలలోనే. మిగతా ముగ్గురు ముందుకు జరిగినప్పుడు నువ్వొక్కదానివి వెనక మిగిలిపోతే ఎదుటి జట్టు అంతటినీ ఆఫ్‌సైడ్ కాకుండా కాపాడినదానివి నువ్వే అవుతావు. సెంటర్ బ్యాక్ అరుపు వినడం అలవాటు చేసుకో.

ఒంటరిగా వింగర్ ఎదురైనప్పుడు నీకు ఎవరూ నేర్పక్కర్లేదు. వింగర్‌గా నీకు ఎలాంటి బ్యాక్ అంటే చిరాకు? మీదికి దూకేదా, దూకకుండా పక్కకు నిలబడి, వెనక్కి అడుగులేస్తూ, నిన్ను గీత వైపుకు తోసుకుంటూ, సాయం వచ్చేదాకా కాలయాపన చేసేదా? ఆ రెండోదే కదా! అచ్చం అలాగే ఆడు. ఇదంతా ఒక సీజన్ చేశాక నిన్ను మళ్ళీ వింగ్‌లోకి పంపితే చూడు, బ్యాక్ తల తిప్పిన క్షణం నీకు దూరం నుంచే కనిపిస్తుంది. నిన్ను అటూ ఇటూ తిప్పడం వల్ల నీకు దక్కే అసలు లాభం ఇదే, ఎదుటివాళ్ళ కళ్ళతో ఆటను చూడగలగడం.

ఈ చూపున్న ఆటగాళ్ళలో నాకు అందరికంటే ఇష్టమైనవాడు ఫిలిప్ లామ్. ఎత్తు 170 సెంటీమీటర్లు మాత్రమే. కుర్రతనంలో బయర్న్ క్లబ్ అతన్ని స్టుట్‌గార్ట్ క్లబ్‌కి పంపితే అక్కడ రైట్ బ్యాక్‌లో వేరొకరు పాతుకుపోయి ఉన్నారు. కుడికాలివాటం కుర్రాడు లెఫ్ట్ బ్యాక్ నేర్చుకున్నాడు. 2006 ప్రపంచకప్ మొదటి మ్యాచ్‌లో కోస్టారికా మీద ఎడమ పక్క నుంచి లోపలికి కోసుకొచ్చి కుడికాలితో కొట్టిన బంతి ఆ టోర్నీకే మొదటి గోల్. తర్వాత రైట్ బ్యాక్ అయ్యాడు. 2013లో బయర్న్‌కి కోచ్‌గా గార్డియోలా వచ్చి మిడ్‌ఫీల్డ్‌లో నిలబెట్టాడు. 2014 ప్రపంచకప్‌ను మిడ్‌ఫీల్డర్‌గా మొదలుపెట్టిన జర్మనీ కెప్టెన్, క్వార్టర్‌ఫైనల్ నుంచి మళ్ళీ రైట్ బ్యాక్‌కి వెళ్ళి కప్పు ఎత్తాడు. టోర్నీ మధ్యలో, అదీ కెప్టెన్‌ని, చోటు మార్చారు. వీలైతే అతని పాత మ్యాచ్ ఒకటి పూర్తిగా చూడు. బంతి తన దగ్గర లేనప్పుడు ఏం చేస్తున్నాడో అతన్నొక్కణ్ణే చూడు. మెడ ఎన్నిసార్లు తిప్పుతాడో గమనించు.

లామ్‌కి ఒక సొంత చోటు ఉండేది, రైట్ బ్యాక్. మిగతావన్నీ అక్కడి నుంచి వెళ్ళొచ్చిన ఊళ్ళు. నీకూ అలాంటి చోటొకటి ఉండాలి. దాన్ని ఎవరు నిర్ణయించినా చివరికి ఒప్పుకోవాల్సింది నువ్వే. కనుక వచ్చే వారం కోచ్ దగ్గరికి వెళ్ళి, ప్రాక్టీసు అయ్యాక, నలుగురిలో కాకుండా, మర్యాదగా అడుగు: "సార్, నన్ను బ్యాక్‌గా తయారుచెయ్యాలనుకుంటున్నారా, లేక ఇప్పుడున్న అవసరానికి ఆడిస్తున్నారా? రెండింటికీ నేను సిద్ధమే, తెలిస్తే దానికి తగ్గట్టు ప్రాక్టీస్ చేసుకుంటాను." అవసరానికే అంటే, నీ ప్రాక్టీసులో సగానికి పైగా వింగర్ పనే చెయ్యి. తయారుచెయ్యాలనే అంటే, మనసు పూర్తిగా పెట్టు. సమాధానం సరిగ్గా రాకపోతే నాకు చెప్పు, ఏం చేద్దామో కలిసి ఆలోచిద్దాం. నువ్వు నోరు మూసుకుని లోపల కుమిలిపోవడం మాత్రం నాకు ఇష్టం లేదు.

గోలీ గ్లవ్స్ మాత్రం ఇప్పుడే తొడుక్కోకు. జట్టులో గోలీ లేదని ఎవరైనా అడిగితే ఒక మ్యాచ్‌కి సరే, అలవాటు చేస్తే వద్దని చెప్పు. అది పూర్తిగా వేరే చదువు. పదహారేళ్ళ వయసులో నీ కాళ్ళు నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

మిడ్‌ఫీల్డ్ గురించి ఈ ఉత్తరంలో రాయలేదు, అది ఇంకో ఉత్తరం అవుతుంది. ముందు ఎడమకాలు. హాస్టల్ వెనక గోడ ఉందని అన్నావుగా, రోజూ పావుగంట ఎడమకాలితో మాత్రమే గోడకి కొట్టి, తిరిగొచ్చిన బంతిని ఎడమకాలితోనే ఆపు. కోచ్ ఏమన్నారో ఆదివారం రాత్రి ఫోన్ చేసి చెప్పు. నెలాఖరుకు మీ మ్యాచ్ ఉందని విన్నాను, అత్తయ్యా నేనూ వస్తున్నాం. నువ్వు ఏ పక్క ఆడితే ఆ పక్క గీత దగ్గరే కూర్చుంటాం.

ఆశీస్సులతో,
నీ మామయ్య